అలసిపోయినప్పుడు తట్టుకుని పడకుండా నడవడం ఎలా? అసలు జాగ్రత్త వెనక కాలితోనే

ఇల్లు మారిన రోజు సాయంత్రం జరిగింది ఇది. పొద్దున్నుంచి అట్టపెట్టెలు మోసి మోసి, మెట్లు ఎక్కి దిగి, ఇంకొక్క పెట్టె మిగిలింది, ఇది కూడా పడేస్తే పని అయిపోతుంది అనుకుంటూ ఎత్తుకుని గది గడప దాటా. కుడికాలు సుబ్బరంగా దాటింది. ఎడమకాలు దాటలేదు. బొటనవేలు గడప అంచుకి తగులుకుంది, పెట్టె ముందు, నేను వెనక, ఇద్దరం కలిసి గదిలోకి వెళ్ళి పడ్డాం. మోకాలు చెక్కుకుపోయింది, పెట్టెలో గాజు గ్లాసులున్నాయి, వాటి గురించి చెప్పక్కర్లేదు. తమాషా ఏంటంటే అదే గడపని ఆ రోజు ఓ నలభై సార్లన్నా దాటుంటా, ఒక్కసారి కూడా తగల్లేదు. గడప పెరగలేదు కదా, నా కాలే సరిగ్గా లేవలేదు, అదీ నాకు తెలియకుండా.

అప్పట్నుంచి ఈ విషయం మీద బాగా చదివా, ఇంట్లో నా మీద నేనే చేసి చూసుకున్నా. ఎక్కువసేపు నిలబడి పనిచేసేవాళ్ళు, ట్రెక్కింగ్ కి వెళ్ళేవాళ్ళు, నైట్ షిఫ్ట్ చేసి వచ్చేవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

స్టెప్ 1: ముందు మీ కాలు నేలకి ఎంత ఎత్తులో పోతుందో తెలుసుకోండి

మామూలుగా నడిచేటప్పుడు గాల్లో ఉన్న కాలి వేళ్ళ కొస నేలకి 1 నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తులో పోతుంది, అంతే. మీ చూపుడు వేలు మందం అనుకోండి. పైగా సరిగ్గా ఆ కిందకి వచ్చిన క్షణంలోనే పాదం దాదాపు ఫుల్ స్పీడ్ లో ముందుకి దూసుకుపోతూ ఉంటుంది, ఒళ్ళంతా ఒక్క కాలి మీదే ఉంటుంది, బరువు అప్పటికే ముందుకి వాలుతూ ఉంటుంది. అందుకే కాస్త ఎత్తుగా లేచిన టైల్ అంచు కూడా మనిషిని పడేస్తుంది. పెద్ద రాయి అంత తేలిగ్గా పడేయదు, ఎందుకంటే అది కనబడుతుంది, కనబడిన దానికి మనం కాలు బాగా పైకి ఎత్తి దాదాపు 10 సెంటీమీటర్ల దాకా ఎక్స్‌ట్రా వదిలి దాటుతాం.

ఈ వేళ్ళ కొసని పైకి పట్టి ఉంచేది మోకాలి కింద ముందువైపు ఎముక పక్కన ఉండే కండరం. మడమ మీద నిలబడి వేళ్ళు పైకి లేపి చూడండి, ఎక్కడ బిగుసుకుంటుందో అదే. ఇది ప్రతి అడుగుకీ పనిచేయాలి, పాదం గాల్లో ఉన్నంతసేపు వేళ్ళని పట్టుకోవాలి, మడమ నేలకి తగిలాక పాదం ధబ్బున పడకుండా మెల్లగా దించాలి. రోజంతా నడిస్తే పాపం దీనికి వేల సార్లు డ్యూటీ. తొడ ముందు కండరాలు, తుంటి దగ్గర కాలిని పైకి లాగే కండరాలు కూడా ఇదే లైన్లో అలిసిపోతాయి.

ఇక్కడ చాలామంది అనుకునేది ఒకటుంది, అలసిపోతే ప్రతి అడుగూ కిందకి దిగిపోతుందని. అలా కాదు. చాలాసార్లు అలసిన మనిషి జాగ్రత్తపడి మామూలు కంటే ఎత్తుగానే వేస్తాడు, కాళ్ళ మధ్య ఎడం కూడా పెంచుతాడు. మారేది ఏంటంటే అడుక్కీ అడుక్కీ మధ్య తేడా. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి ఎత్తుగా, ఒకటి నేలని రాసుకుంటూ. తొంభై తొమ్మిది అడుగులు బాగానే పడతాయి, ఆ ఒక్కటి ఎప్పుడొస్తుందో మీకు తెలీదు, అది గడప దగ్గర వచ్చిందంటే నా గ్లాసుల కథే.

స్టెప్ 2: అలసట మీ నడకలోకి దిగిందో లేదో పట్టుకోండి

"నాకేం అలసట లేదు" అనే మాటని నమ్మొద్దు, మీ నోటినుంచి వచ్చినా సరే. శరీరాన్ని అడగండి.

చెప్పుల చప్పుడు వినండి. పొద్దున టక్ టక్ మని పడిన అడుగు సాయంత్రానికి సర్ సర్ మని ఈడుస్తుంటే అది మొదటి గుర్తు. ఒక కాలు ఈడుస్తూ ఇంకోటి ఈడవకపోతే ఏ కాలు ముందు అలుస్తుందో కూడా తెలిసిపోతుంది. రెండోది బూట్ల ముక్కు చూడండి, వేళ్ళ దగ్గర కింద అంచు మిగతా చోట్ల కంటే ఎక్కువ అరిగిపోయిందంటే మీరు చాలారోజులుగా నేలని రాస్తున్నారన్నమాట. మూడోది, ఏమీ లేనిచోట ఒకసారి తడబడ్డారా? నవ్వేసి వెళ్ళిపోకండి, ఒక గంటలో రెండోసారి తడబడితే ఆరోజు పని ఆపేయాల్సిన టైం వచ్చినట్టే. నడుస్తూ ఒక పూర్తి వాక్యం మాట్లాడటానికి మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగాల్సి వస్తుందంటే అదీ లెక్కే.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం ఫోన్ వీడియో. ఒక టవల్ ని చుట్ట చుట్టి నేలమీద అడ్డంగా పెట్టండి (కర్ర, ఇటుక లాంటివి వద్దు, తగిలితే మెత్తగా ఉండేదే పెట్టాలి), పక్కనుంచి ఫోన్ ని నేల ఎత్తులో ఆనించి స్లో మోషన్ ఆన్ చేయండి, మూడు నాలుగు అడుగులు దూరం నుంచి మామూలుగా నడిచొచ్చి దాటండి. పొద్దున పది సార్లు, బాగా అలిసిన రోజు సాయంత్రం పది సార్లు. మనం చూడాల్సింది యావరేజ్ కాదు, పదింటిలో అన్నిటికంటే కిందుగా పోయిన అడుగు. నా వీడియోలో పొద్దున పదీ ఒకేలా ఉన్నాయి, సాయంత్రం ముందు కాలు అన్నిసార్లూ బాగానే పోయింది, వెనక కాలు మాత్రం ఒకసారి జానెడు ఎత్తులో, ఒకసారి టవల్ ని ముద్దుపెట్టుకుంటూ. చూసి నోరు తెరిచా.

స్టెప్ 3: అడ్డాన్ని రెండు మూడు అడుగుల ముందే చూసేయండి

అడ్డం దాటేటప్పుడు మనం కాళ్ళకేసి చూసుకోం, గమనించారా? దాదాపు రెండు అడుగుల ముందే చూసి, ఎంత ఎత్తు ఉంది, ఎక్కడుంది అనేది బుర్రలో వేసుకుని, దాటే టైంకి కళ్ళు ఇంకా ముందుకి వెళ్ళిపోతాయి. అది తప్పేం కాదు, అలాగే ఉండాలి. కాకపోతే ముందు కాలు కనీసం కంటి చివర కనబడుతుంది, వెనక కాలు దాటేటప్పుడు అడ్డం మన వెనక ఉంటుంది, అస్సలు కనబడదు. అది పూర్తిగా గుర్తు మీద, కీళ్ళ నుంచి వచ్చే కబురు మీద నడుస్తుంది. అలసటలో ఆ కబురే సరిగ్గా అందదు, మోకాలు ఎంత మడిచామో ఒళ్ళు కరెక్టుగా చెప్పలేదు. అందుకే ఎక్కువగా తగిలేది వెనక కాలు.

కాబట్టి అలిసినప్పుడు అడ్డం కనబడగానే స్పీడ్ తగ్గించండి, కావాలంటే ముందు ఒక సెకను ఆగండి. ఆగి దాటడం నామోషీ ఏం కాదు.

ఎక్కడ ఆగుతారు అనేది ముఖ్యం. చాలామంది భయంతో అడ్డానికి మరీ అంటుకుని నిలబడతారు, దగ్గరుంటే తేలిక అనుకుంటారు. నిజానికి రివర్స్. వెనక కాలు అడ్డానికి మరీ దగ్గరగా ఉంటే, ఆ కాలు మోకాలు మడవడానికి, పైకి లేవడానికి కావాల్సిన చోటు దొరకదు, వేళ్ళు లేచేలోపే అడ్డం వచ్చేస్తుంది. వెనక ఉండబోయే కాలి బొటనవేలికీ అడ్డానికీ మధ్య ఒక జానెడు వదలండి. అలాగని మరీ దూరం నుంచి లంఘిస్తే ముందు కాలి మడమ సరిగ్గా అడ్డం మీదే దిగుతుంది, అదింకో గోల. ఇంట్లో టవల్ తో నాలుగైదుసార్లు చేస్తే ఆ జానెడు ఎంతో కాలికే అలవాటైపోతుంది.

స్టెప్ 4: దాటండి, కానీ ముందు కాలు దాటగానే అయిపోయిందనుకోకండి

ముందు కాలు: మోకాలు పైకి, వేళ్ళు మీ వైపుకి. అవతల దిగేటప్పుడు మడమ అడ్డానికి కాస్త దూరంగా దిగాలి, అంచుమీద కాదు. దిగాక బరువు మొత్తం ఆ కాలి మీదకి వచ్చేదాకా ఆగండి. ఇదే అందరం ఎగ్గొట్టే చోటు. ముందు కాలు దిగీ దిగగానే మనసు అవతలికి వెళ్ళిపోతుంది, తలుపు తాళమో, ఫోనో, ఎవరో పిలిచిందో గుర్తొస్తుంది, వెనక కాలు ఇంకా ఇవతలే ఉందన్న సంగతి మర్చిపోతాం.

వెనక కాలికి మోకాలు పైకి లేపడం కంటే మడమని వెనక్కి, పిరుదు వైపుకి లాగడం మంచిది. అలా మడిస్తే వేళ్ళు అడ్డానికి పైన పోతాయి. నేను లోపల్లోపల "ముందుది... వెనకది" అని రెండు మాటలు అనుకుంటా. పిచ్చిగా అనిపిస్తుంది కానీ ఆ రెండో మాట అనుకున్నన్ని రోజులూ గడప నన్ను పట్టుకోలేదు.

గోడ, రైలింగ్, తలుపు చట్రం ఏదైనా ఉంటే ఒక చెయ్యి వేయండి. గట్టిగా పట్టుకోవక్కర్లేదు, వేళ్ళు ఆనించినా ఒంటికి ఊగకుండా ఒక ఆధారం దొరుకుతుంది. ఎగిరి దూకడం మాత్రం వద్దు, అలిసిన కాళ్ళకి దిగేటప్పటి దెబ్బ తట్టుకునే ఓపిక ఉండదు.

మెట్ల సంగతి విడిగా చెప్పాలి

ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు ప్రమాదం. మెట్లమీద పడేవాళ్ళలో ఎక్కువమంది దిగుతూ పడతారు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువుని ఆపాలి, బ్రేక్ వేసినట్టు, ఆ రకం పని కండరాన్ని బాగా నలిపేస్తుంది. కొండ ఎక్కి దిగిన రోజు కాదు, మర్నాడు, ఆ మరుసటి రోజు తొడలు పట్టేసి మెట్లు దిగలేక కూర్చుని దిగేది అందుకే. ఊపిరి పది నిమిషాల్లో మామూలైపోతుంది కాబట్టి కాళ్ళు కూడా మామూలయ్యాయి అనుకుంటాం, అవి ఇంకా కాలేదు. కొండ దిగిన తర్వాత రెండు మూడు రోజులు మెట్ల దగ్గర కొత్తవాళ్ళలా నడవండి.

చెయ్యి రైలింగ్ మీద ఉండాలి, పాదం మొత్తం మెట్టు మీద పడాలి, చివరి మెట్టు అయిందో లేదో కంటితో చూసుకోవాలి. చీకట్లో "ఇంకో మెట్టు ఉంది" అనుకుని లేని మెట్టు మీద కాలేసినప్పుడు ఒళ్ళంతా జర్క్ ఇస్తుందే, అది అందరికీ తెలిసిందే. మొదటి రెండు మూడు మెట్లు కాలు కొలుచుకుని, మిగతావి అదే కొలతతో దిగిపోతుంది, మధ్యలో ఒక మెట్టు ఎత్తు సెంటీమీటర్ తేడా ఉన్నా కాలికి లెక్క తప్పుతుంది. మీ బిల్డింగ్ లో అలాంటి తేడా మెట్టు ఉంటే అంచుకి ఒక రంగు టేప్ వేయండి. ఒక కాలు బలహీనంగా ఉంటే ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైనది ముందు.

స్టెప్ 5: కాళ్ళ కంటే ముందు బుర్రకి రెస్ట్ ఇవ్వండి

శారీరకంగా ఏమీ చేయకుండా రోజంతా కూర్చుని లెక్కలు చూసినా, మీటింగుల్లో కూర్చున్నా కూడా నడక మారుతుంది, ఇది చాలామంది ఒప్పుకోరు. 19వ శతాబ్దం చివర్లో ఇటలీలోని తురిన్ లో ఆంజెలో మొస్సో అనే ఫిజియాలజిస్ట్ వేలికి బరువు కట్టి లాగిస్తూ అలసటని గీతలుగా గీసే పరికరం ఒకటి చేశాడు, ఎర్గోగ్రాఫ్ అంటారు. విద్యార్థులకి గంటల తరబడి పరీక్షలు పెట్టొచ్చిన తోటి ప్రొఫెసర్ తో లాగించి చూస్తే ఆయన వేలు మామూలు కంటే తొందరగా చేతులెత్తేసింది. వేలికి ఆరోజు పనే లేదు, అలిసింది బుర్ర. ఇక నడక అంటారా, అడ్డాన్ని చూడాలి, ఎత్తు అంచనా వేయాలి, గుర్తుంచుకోవాలి, వెనక కాలికి ఆర్డర్ వేయాలి, ఇవన్నీ బుర్ర పనులే.

అందుకని అలిసినప్పుడు ఒకేసారి రెండు పనులు పెట్టుకోకండి. ఫోన్ చూస్తూ నడవడం సంగతి సరే, అది అందరూ చెప్పేదే. మాట్లాడుతూ నడవడం కూడా పనే. స్వీడన్ పరిశోధకులు 1997లో ఒక చిన్న పరిశీలన ప్రచురించారు, సంరక్షణ కేంద్రంలో ఉండే 58 మంది పెద్దవాళ్ళతో నడుస్తూ మాట్లాడించారు, మాట మొదలవ్వగానే 12 మంది నడక ఆపేశారు, తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడ్డారు. రెండూ ఒకేసారి చేయలేనంత దగ్గరకి వచ్చేసినవాళ్ళు వాళ్ళు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడటానికి ఆగితే విసుక్కోకండి, ఆగడమే వాళ్ళకి సేఫ్, మీరూ ఆగండి. వాళ్ళు మెట్లమీద ఉన్నప్పుడు వెనకనుంచి పిలవకండి. 65 దాటినవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది ఏడాదిలో ఒకసారైనా పడుతుంటారు, కాబట్టి ఇది అతి జాగ్రత్త ఏం కాదు.

బరువులు మోసేటప్పుడు పెట్టె గడ్డం దాకా ఉంటే మీ ముందు రెండు అడుగుల నేల కనబడదు, అంటే ముందే చూసుకునే అవకాశం పోయింది. రెండు ట్రిప్పులు వేయండి. నాకు గ్లాసులు పోయాక వచ్చిన జ్ఞానం ఇది. అలాగే కింద దగ్గరి చూపు, పైన దూరపు చూపు ఉండే కళ్ళజోడు పెట్టుకుంటే మెట్టు అంచు కింద భాగంలోంచి మసగ్గా కనబడుతుంది, బయట నడకకి ఒకే పవర్ ఉన్న జోడు విడిగా ఉంచుకోవచ్చేమో కంటి డాక్టర్ ని అడగండి.

స్టెప్ 6: తగిలేసింది అనుకోండి, అప్పుడు?

కాలు తగిలిన క్షణంలో ఆలోచించే టైం ఉండదు, ఒళ్ళే చూసుకుంటుంది. అడుగు మొదట్లో తగిలితే అదే కాలిని ఇంకా పైకి లేపి దాటించేస్తుంది, అడుగు చివర్లో తగిలితే ఆ కాలిని వెంటనే కింద పెట్టేసి రెండో కాలితో గబుక్కున పెద్ద అడుగు వేస్తుంది. అలిసినప్పుడు ఈ రెండూ ఆలస్యంగా, తక్కువ బలంతో వస్తాయి. మీరు చేయగలిగేది దానికి అడ్డం రాకుండా ఉండటం, అంటే చేతులు జేబుల్లో పెట్టుకుని నడవకూడదు, కాలు జారిపోయే వదులు చెప్పులు వేసుకోకూడదు, చేతిలో వస్తువు ఉంటే వదిలేయాలి. వస్తువుని కాపాడబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

పడకుండా ఆపుకున్నారా, వెంటనే నడవకండి. ఒక నిమిషం నిలబడండి.

రెస్ట్ ఎంతసేపు అని అడుగుతారు. మెట్లెక్కి వచ్చిన ఆయాసం, కాళ్ళ మంట ఓ పది పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా డౌన్ అయ్యాక అరగంట కూర్చునే కంటే, ప్రతి గంటకీ ఐదు నిమిషాలు కూర్చోవడం నాకు బాగా పనిచేసింది. నిద్ర తక్కువైన రోజుకి మాత్రం కూర్చోవడం మందు కాదు, ఆరోజు నిచ్చెన ఎక్కే పనులు, బరువులు మోసే పనులు రేపటికి వాయిదా వేసుకోండి. పనిలో కష్టమైన దారి, అంటే మెట్లు, వైర్లు ఉన్న చోటు, ముందే కానిచ్చేసి తేలికైనవి చివరికి పెట్టుకోండి. మనం సాధారణంగా ఉల్టా చేస్తాం.

స్టెప్ 7: కాళ్ళు లేటుగా అలిసేలా చేసుకోండి

నాలుగే నాలుగు, వారానికి మూడు రోజులు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పది సార్లు. గోడకి వీపు ఆనించి పాదాలు కాస్త ముందుకి పెట్టి, మడమలమీద ఉండి వేళ్ళు పైకి లేపి దించడం పదిహేను సార్లు, మనం మొదట్లో చెప్పుకున్న కండరానికి ఇదే. మునివేళ్ళ మీద లేవడం పదిహేను సార్లు, పిక్కలకి. చివరిది టవల్ దాటడం, ముందుకి ఐదుసార్లు, పక్కకి ఐదుసార్లు, ప్రతిసారీ వెనక కాలు మీదే ధ్యాస. పక్కన పట్టుకోవడానికి గోడ ఉండాలి. మొదటి వారం బోర్ కొడుతుంది, రెండో వారం తొడలు తిడతాయి, తర్వాత అలవాటైపోతుంది.

ఒక్క మాట, కొన్ని అలసట ఖాతాలో వేయకూడనివి ఉన్నాయి. ఒక కాలు ఉన్నట్టుండి ఈడ్చుకుపోతుంటే, దాంతోపాటు అదేవైపు చెయ్యి బలం తగ్గినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, నిమిషం లేట్ చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. రెస్ట్ తీసుకున్నా పాదం వేళ్ళు పైకి లేవకపోవడం, అరికాళ్ళు మొద్దుబారడం, కొత్త మందు మొదలుపెట్టినప్పట్నుంచి తూలుతుండటం, నెలలో రెండుసార్లు పడటం, వీటికి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వాడే మందులన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, బీపీ మాత్రలు వెంట తీసుకెళ్ళి చూపించండి.

ఆరువారాలు ఎక్సర్‌సైజులు చేశాక ఆ టవల్ వీడియో మళ్ళీ తీయండి. బాగా అలిసిన రోజు సాయంత్రమే తీయాలి, పొద్దున తీస్తే అందరం హీరోలమే.